బ్రిటన్ హత్య కేసుల సెట్టు కొనబోతున్నారా? ఆగండి

బ్రిటన్‌లో పేరుమోసిన హత్య కేసుల మీద మూడు సంపుటాల సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఎర్రటి అట్ట, పొగమంచులో ఒక వీధిదీపం. ధర 1,499 రూపాయలు. నేను కొని మోసపోయాను, మీరు కొనకండి.

ఈ కేసుల పిచ్చి నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. పెట్టె రాగానే బాగా ఎరిగిన కేసే తీశాను: లండన్ నాటింగ్ హిల్‌లోని 10, రిల్లింగ్టన్ ప్లేస్ అనే ఇంట్లో జరిగిన హత్యలు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు కదా.

మొదటి సంపుటంలో టిమోతీ ఎవాన్స్ అధ్యాయం ఉంది. భార్యను చంపిన నేరానికి 1950లో ఉరితీశారని, కింది వాటాలో ఉండే ఒక పెద్దమనిషి ధైర్యంగా సాక్ష్యం చెప్పాడని రాశారు. ఆ పెద్దమనిషికి పేరు లేదు. రెండో సంపుటంలో వరుస హత్యలు చేసిన జాన్ క్రిస్టీ అధ్యాయం. అదే ఇల్లు, అదే చిరునామా. కానీ ఎవాన్స్ ప్రస్తావన ఒక్కచోటా లేదు. ఆ పెద్దమనిషే ఈ హంతకుడన్న సంగతి రాసినవారికే తెలియదు!

అసలు కేసంతా అక్కడే ఉంది. ఎవాన్స్‌ను విచారించింది భార్య హత్యకు కాదు, పసికూతురు జెరాల్డిన్ హత్యకు. ప్రాసిక్యూషన్‌కు ముఖ్య సాక్షి క్రిస్టీ. చదువు సరిగా రాని పాతికేళ్ల ఎవాన్స్ మాట కంటే, యుద్ధకాలంలో పోలీసుగా పనిచేసిన క్రిస్టీ మాటే జ్యూరీకి నమ్మదగినదిగా తోచింది. 1950 మార్చి 9న పెంటన్‌విల్ జైలులో ఉరి అమలైంది. మూడేళ్లకు క్రిస్టీ ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక, వంటగది గోడకాగితం వెనుక మూడు శవాలు బయటపడ్డాయి. ముందుగది నేలచెక్కల కింద అతని భార్య, పెరట్లో మరో ఇద్దరు స్త్రీల ఎముకలు. 1949లో పోలీసులు ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆ పెరట్లో కంచెకు ఊతంగా నిలిపి ఉన్నది కర్ర కాదు, మనిషి తొడ ఎముక. ఎవరి కంటా పడలేదు. చాలా ఏళ్ల క్రితం ఈ ముక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ సెట్టులో ఆ ఎముక ఊసే లేదు. 1966లో ఎవాన్స్‌కు మరణానంతరం రాజ క్షమాభిక్ష లభించిన సంగతీ లేదు.

మరి పేజీలు దేనితో నింపారంటారా? ఉరికి ముందు రాత్రి జైలు గదిలో ఎవాన్స్ తనలో తాను అనుకున్న మాటలు ఒకటిన్నర పేజీ ఉన్నాయి. ఎవరు విన్నారో మరి!

మిగతావీ అలాగే ఉన్నాయి. బ్రిటన్‌లో ఆఖరున ఉరికంబం ఎక్కింది రూత్ ఎలిస్ అట. 1955లో ఉరితీసిన ఆమె ఆఖరి స్త్రీ మాత్రమే. ఆ తర్వాత 1964 ఆగస్టు దాకా పురుషులకు ఉరిశిక్షలు అమలవుతూనే ఉన్నాయి. భార్యను చంపి ఓడలో పారిపోయిన డాక్టర్ క్రిప్పెన్‌ను న్యూయార్క్ రేవులో పట్టుకున్నారట. 1910లో ఓడ కెప్టెన్ వైర్‌లెస్‌లో కబురు పంపడం వల్ల అతను కెనడా తీరం దగ్గర దొరికాడన్నది ఆ కేసుకే ప్రాణం. తన రోగులనే చంపిన డాక్టర్ షిప్‌మన్ అధ్యాయంలో ఒకే పేరా అక్షరం పొల్లుపోకుండా రెండుచోట్ల ఉంది. మనిషి రాసి, మరో మనిషి చదివి అచ్చుకు పంపిన పుస్తకంలా లేదు. రచయిత పరిచయం లేదు, ఆధారాల పట్టిక లేదు, ప్రచురణ సంవత్సరం కూడా లేదు.

వెనక్కి పంపుతానంటే, సీలు విప్పిన పుస్తకాలు వెనక్కి తీసుకోం అన్నారు. విప్పకుండా చదివే విద్య నాకు రాదు.

ఇలాంటివి కొనేటప్పుడు నమూనా పేజీలు చూపించమని అడగండి. ఎవాన్స్ కేసు ఉంటే అభియోగం ఎవరి హత్యకో చూడండి. అక్కడే తప్పితే మిగతాది చదవనక్కర్లేదు.

నిన్న మళ్లీ ఆ అమ్మకందారు పేజీ చూశాను. అట్ట రంగు నీలంగా మార్చి, కొత్త ముద్రణ అంటున్నారు. మొదటి సంపుటం పేజీలు మాత్రం అవే 312.