పాత బండికి డ్రిల్ కొట్టకుండా నంబర్ ప్లేటు: పీ-క్లాంపులు ఏళ్ల తరబడి వాడాక నా మాట

నా బండి పాత సింగిల్ సిలిండర్ది, వెనక మడ్గార్డ్ ఒరిజినల్, దాని మీద పెయింటు కూడా అప్పటిదే, అందుకే దానికి డ్రిల్ తగలనివ్వకూడదని ముందే అనుకున్నా. చిల్లు కొడితే రేకు అంచు బయటపడుతుంది, ఎంత ప్రైమర్ పూసినా తడి అక్కణ్ణించే ఎక్కి పెయింటు కిందకి తుప్పు పాకుతుంది, క్రోమ్ మడ్గార్డ్ అయితే చిల్లు చుట్టూ పొర లేచిపోతుంది. అలాంటి రేకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

ఇప్పుడు నా బండికి ఉన్నది ఇదీ. మడ్గార్డ్‌ని పట్టుకునే స్టే రాడ్లకి అటొకటి ఇటొకటి లోపల రబ్బరున్న స్టెయిన్‌లెస్ పీ-క్లాంపులు (రాడ్డు చుట్టూ తిరిగి ఒక బోల్టుతో బిగిసే, ఇంగ్లీషు P ఆకారపు పట్టీలు), వాటి మధ్య 3 మి.మీ. అల్యూమినియం పట్టీ, పట్టీకి ప్లేటు. వానల్లో ఎండల్లో గతుకుల్లో చాలా ఏళ్లు తిరిగింది, ఊడలేదు, పగల్లేదు. కొనేముందు రాడ్డుని వెర్నియర్‌తో కొలవండి, అర అంగుళం ట్యూబు అంటే 12.7 మి.మీ., దానికి 13 మి.మీ. సైజు క్లాంపు పడుతుంది. వదులైతే ప్లేటు బరువుకి కిందకి తిరిగిపోతుంది, రబ్బరు లేనిదైతే రాడ్డు పెయింటు గీకేస్తుంది.

ప్లేటు బరువు పెద్ద లెక్కలోది కాదు, దాన్ని పాడుచేసేది వైబ్రేషనే. సింగిల్ సిలిండర్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే సెకనుకి 50 సార్లు వెనక భాగమంతా అదురుతుంది, సన్నటి రేకు ప్లేటుని కదలకుండా బిగిస్తే బోల్టు చిల్లు పక్కనే వెంట్రుకంత పగులు మొదలై ఒకరోజు మూల విరిగిపోతుంది. అందుకే ప్లేటు వెనక దాని సైజుదే ఇంకో గట్టి రేకు, మధ్యలో రబ్బరు గ్రోమెట్లు (బోల్టు చిల్లులో కూర్చునే రింగులు), వెడల్పు వాషర్లు, నైలాక్ నట్లు (అదురుకి వదులు కాకుండా లోపల నైలాన్ రింగున్నవి) పెట్టా. రబ్బరు కొంచెం నొక్కుకునేదాకా బిగిస్తే చాలు, ఉబ్బి బయటికొచ్చిందంటే ఎక్కువైనట్టే.

స్టే రాడ్లు వీలుగా లేకపోతే టెయిల్ ల్యాంపు బోల్టుల్నే వాడుకోవచ్చు, ల్యాంపుకీ మడ్గార్డ్‌కీ మధ్య పట్టీ పెట్టి బిగించడమే. కాకపోతే చాలా పాత బళ్లలో లైటుకి ఎర్త్ మడ్గార్డ్ రేకులోంచే వస్తుంది, మధ్యలో రబ్బరు పెట్టారా లైటు వెలగదు, లేదా మిణుకుమిణుకుమంటుంది, విడిగా ఒక ఎర్త్ వైరు లాగాల్సిందే. ఇంకోటి, పాత ఇంగ్లీషు బళ్ల బోల్టులు అంగుళాల లెక్కవి, పావు అంగుళం అంటే 6.35 మి.మీ., దాని బదులు ఎం6 (6 మి.మీ. మెట్రిక్ బోల్టు) దూరినట్టే అనిపిస్తుంది గానీ మర పట్టదు, బలవంతం చేస్తే పాత మరలు అరిగిపోతాయి.

వీహెచ్‌బీ టేపు (రెండు వైపులా గట్టిగా అంటుకునే నురగ టేపు) కూడా కొన్నాళ్లు వాడి చూశా. చదునైన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, పూర్తి బలం రావడానికి 72 గంటలు వదిలేస్తే నిజంగానే గట్టిగా పట్టుకుంటుంది. కానీ మడ్గార్డ్ వంపుగా ఉంటుంది, ప్లేటు చదును, అంచులు ఆనవు, పక్కకి లాగితే తట్టుకునే టేపు అంచు నుంచి ఒలిస్తే తట్టుకోదు. పైగా పాత పెయింటు మీద టేపు గట్టిగానే ఉంటుంది, పెయింటే రేకుని వదిలేస్తుంది. తీయాల్సొస్తే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి నైలాన్ దారంతో కోసుకుంటూ రండి, లాగొద్దు.

అయస్కాంతాల జోలికి మాత్రం వెళ్లకండి, అల్యూమినియం మడ్గార్డ్‌కి అసలు అంటుకోవు, ఇనుప రేకుకి అంటుకున్నా అదురుకి జారి గీతలు పెడతాయి. జిప్ టైలు ఎండకి పెళుసెక్కుతాయి, ఇంటిదాకా చేరడానికి తప్ప పనికిరావు.

క్లాంపుల్లో లోపాలు లేవని కాదు. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియం పట్టీని తాకే చోట తడి నిలిస్తే తెల్లగా పొడి లేస్తుంది, నైలాన్ వాషర్ వేస్తే ఆగింది. రబ్బరు కింద కూడా నీళ్లు ఉండిపోతాయి, వానాకాలం అయ్యాక విప్పి తుడిచి, రాడ్డుకి కాస్త వ్యాక్స్ రాసి మళ్లీ బిగిస్తా, పగుళ్లొచ్చిన రబ్బరు మార్చేస్తా. బిగించాక ఇద్దరు కూర్చుని వెనక సస్పెన్షన్ బాగా నొక్కి చూడండి, ప్లేటు కింది అంచు టైరుకి తగలకూడదు. తగిలేలా ఉంటే క్లాంపు వదులుచేసి రాడ్డు మీద పైకి జరుపుకోవడమే, వాలు సరిగా లేక ల్యాంపు వెలుగు నంబరు మీద పడకపోయినా అంతే, డ్రిల్ కొట్టిన మడ్గార్డ్ మీద ఆ వీలుండదు.