రెడీమేడ్ మోడలా, సొంత చట్రమా: థీసిస్‌కి ఏది మేలు?

థీసిస్ మొదలుపెట్టినవాళ్లకి కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్, అంటే ఏది దేన్ని ప్రభావితం చేస్తుందో గడులూ బాణాలతో గీసే బొమ్మ, దగ్గరే అసలు టెన్షన్. పేరున్న మోడల్ ఒకటి తీసుకోవాలా, మన ప్రశ్నకి తగ్గట్టు మనమే గీసుకోవాలా?

గర్భిణులు ఐరన్ మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు అన్న ప్రశ్ననే తీసుకుందాం. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోమని మాత్రలు ఉచితంగానే ఇస్తారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

దీనికి చాలామంది హెల్త్ బిలీఫ్ మోడల్ వాడతారు. 1950లలో అమెరికాలో క్షయ పరీక్షకి ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదని ఆలోచిస్తూ అక్కడి ప్రజారోగ్య విభాగం మనస్తత్వవేత్తలు దాన్ని తయారుచేశారు. ఈ జబ్బు నాకొస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, మందు వేసుకుంటే లాభమేంటి, అడ్డమేంటి, వేసుకోమని గుర్తుచేసేదేంటి అని అడుగుతుంది. 'నేను చేయగలను' అన్న నమ్మకాన్ని 1988లో చేర్చారు. ప్రశ్నావళికి నమూనాలు దొరుకుతాయి, ఫలితాల్ని వేరే అధ్యయనాలతో పోల్చొచ్చు, వైవాలో కాళ్లు వణకవు.

కానీ ఆ మోడల్‌లో నిర్ణయం మనిషి ఒక్కరిదే. నేను వెళ్లిన ఒక ఇంట్లో మాత్రల షీటు బియ్యం డబ్బా మీద ఉంది, అందులో రెండే ఖాళీ అయ్యాయి. "విరేచనం నల్లగా అయింది, అత్తమ్మ ఇంక వద్దంది" అంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయికి రక్తహీనత అంటే భయముంది, మాత్ర మంచిదనీ తెలుసు. మరి అత్తమ్మని ఏ గడిలో పెట్టాలి? 'అడ్డంకులు' అన్న గడిలో తోసేస్తే ఆ ఇంటి కథే మాయమైపోతుంది.

సొంత చట్రంలో అత్తమ్మకి చోటుంటుంది. అక్కడ కష్టమంతా బాణాల దగ్గరే. అత్త వద్దన్నందుకే కోడలు మానేసిందా, లేక ఆ మాటతో ఆమెలో మాత్రంటే భయం పుట్టి మానేసిందా? రెండోదైతే భయం మధ్యలో ఉండే చరం (వేరియబుల్) అవుతుంది, బాణం దాని మీదుగా వెళ్లాలి. విరేచనం నల్లగా అవుతుందని నర్సు ముందే చెప్పిన ఇళ్లలో అత్త మాట బలం తగ్గుతుందనుకుంటే, ఆ సలహా నుంచి వచ్చే గీత ఇంకో గడికి కాదు, బాణం మీదకే వెళ్తుంది. ఇలా ప్రతి గీతకీ ముందటి పరిశోధనో, ఇంటర్వ్యూలో విన్న మాటో ఆధారంగా చూపించాలి. వీటిని కొలిచే ప్రశ్నల స్కేల్ కూడా మనమే తయారుచేసి పరీక్షించుకోవాలి. దానికి నెలలు పడుతుంది.

అందుకే ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సొంత చట్రం వద్దంటాను. ఉన్న మోడల్‌నే తీసుకుని, ఎనిమిది పది మందితో ముందు మాట్లాడి, 'ఇంట్లో పెద్దల మాట' అని ఒక్క గడి చేర్చండి, ఎందుకు చేర్చారో ఒక పేరా రాయండి. పీహెచ్‌డీకైతే సొంతదే మేలు, అంత టైమ్ ఉంటుంది కాబట్టి. ఏదైనా సరే, ఫీల్డ్‌కి వెళ్లే ముందు బొమ్మనీ ప్రశ్నావళినీ పక్కపక్కన పెట్టుకుని, ప్రశ్న లేని గడి ఏదైనా ఉంటే అప్పుడే కొట్టేయండి.