కంపాటబుల్ ఇంకుతో ఫొటో రంగులు: ఎల్805 మీద చాలాకాలం వాడాక

కంపాటబుల్ ఇంకు, అంటే ప్రింటర్ కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసేది, పోస్తే ఫొటో రంగులు సరిగ్గా రావన్నది స్టూడియోల్లో అందరూ అనే మాట. కాకినాడలోని నా స్టూడియోలో ఎప్సన్ ఎల్805లో కొన్నేళ్లుగా బయటి ఇంకే పోస్తున్నాను. రంగులు వస్తాయి. కాకపోతే సీసా మూత తీసి ట్యాంకులో పోసి ప్రింట్ కొట్టేస్తే రావు. ఆ ఇంకుకీ, మనం వాడే పేపర్‌కీ కలిపి ఒక ఐసీసీ ప్రొఫైల్ (ఆ ఇంకు ఆ పేపర్ మీద ఏ రంగు ఎలా పడుతుందో చెప్పే ఫైల్) చేయించుకుంటే వస్తాయి. అది చేయించాక కూడా ప్రొఫైల్ చేతిలో లేని సంగతులు కొన్ని మిగిలిపోతాయి. ఇంకు అమ్మే షాపులో వాటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఈ ప్రింటర్‌లో ఆరు రంగులు. సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (రాణీ రంగు లాంటిది), యెల్లో, బ్లాక్ కాక లైట్ సయాన్, లైట్ మెజెంటా ఉంటాయి. ఆరూ డై ఇంకులే, అంటే రంగు ద్రవంలో కరిగి ఉండేవి. ఒరిజినల్ సీసా 70 మిల్లీలీటర్లు. నేను కొనే ఇంకు మిల్లీలీటరు లెక్కన చూస్తే దాదాపు మూడో వంతు ధరకి పడుతుంది. బ్రాండ్ పేరు రాయడం లేదు. అదే లేబుల్‌తో ఇంకోసారి కొన్న సీసా మొదటి దానిలా ఉండనప్పుడు పేరు చెప్పినా మీకు ఒరిగేది లేదు.

రంగు ఎక్కడ తప్పుతుందంటే, కంప్యూటర్‌లో ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలుగా ఉంటుంది. ఏ అంకెకి ఏ ఇంకు ఎంత చల్లాలన్న లెక్క డ్రైవర్‌లో, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కంపెనీ ఆ లెక్క కట్టుకున్నది తన ఇంకుతో, తన పేపర్‌తో. మనం పోసిన మెజెంటా కాస్త ఎరుపు వైపు ఉన్నా, సయాన్ కాస్త చిక్కగా ఉన్నా డ్రైవర్‌కి తెలియదు కదా, పాత లెక్కతోనే చల్లేస్తుంది. నాకు ప్రొఫైల్ లేకుండా వచ్చిన ప్రింట్లలో మొహాలు కందిపోయినట్టు ఎర్రగా ఉండేవి, నల్లటి జుట్టులో ఆకుపచ్చ ఛాయ కనిపించేది.

దీనికి మా వైపు అందరూ చేసే వైద్యం డ్రైవర్‌లో స్లైడర్లు తిప్పడం. మెజెంటా ఐదు తగ్గించు, యెల్లో మూడు పెంచు, ఒక ఫోర్ బై సిక్స్ కొట్టి చూడు. మొహం కుదిరేసరికి తెల్ల చొక్కా ఆకుపచ్చకి తిరుగుతుంది. చొక్కా సరిచేస్తే జుట్టు చెడుతుంది. ఆరు రంగుల ప్రింటర్‌లో ఈ గొడవ ఇంకా ఎక్కువ. లేత ఛాయలన్నీ లైట్ ఇంకులతో పడతాయి, ముదురులోకి వెళ్లేకొద్దీ మామూలు సయాన్, మెజెంటా అందుకుంటాయి. బయటి ఇంకు కలిపేవాళ్లు లైట్ మెజెంటాని కంపెనీ దానికన్నా పలచగానో చిక్కగానో కలిపితే, ఒక ఇంకు నుంచి ఇంకో ఇంకుకి మారే చోట రంగు ఒరుగుతుంది. లేత చోట ఒకవైపు, ముదురు చోట ఇంకోవైపు. స్లైడర్ అన్నిటినీ ఒకేవైపు లాగుతుంది. అందుకే ఎన్ని గంటలు కూర్చున్నా తెగదు.

ప్రొఫైల్ ఈ పనిని గడి గడికీ చేస్తుంది. వందల రంగుల గళ్లున్న చార్ట్‌ని ఏ సవరణా లేకుండా ప్రింట్ కొట్టి, ఆరాక స్పెక్ట్రోఫొటోమీటర్ అనే రంగు కొలిచే పరికరంతో ఒక్కో గడినీ కొలుస్తారు. ఈ అంకె పంపితే ఈ పేపర్ మీద నిజంగా ఏ రంగు పడిందన్న పట్టిక తయారవుతుంది. దాన్ని తిరగేసి చూసుకుని, ఫలానా రంగు రావాలంటే ఏ అంకె పంపాలో ఫొటోషాప్ తేల్చుకుంటుంది. లేత చోట ఎరుపు తగ్గించి, ముదురు చోట పెంచడం దానికి కష్టమేమీ కాదు.

కొలిచే పరికరం ఖరీదు. ఐ1ప్రో, కలర్‌మంకీ, తర్వాత క్యాలిబ్రైట్ పేరుతో వచ్చిన కలర్‌చెకర్ స్టూడియో, ఏది చూసినా చిన్న స్టూడియోకి భారమే. చార్ట్ కొట్టి కొరియర్‌లో పంపితే కొలిచి, ప్రొఫైల్ ఫైల్ మెయిల్ చేసేవాళ్లున్నారు. నేను మొదట అలాగే చేయించాను. ఆ తర్వాత ఒక స్నేహితుడి కలర్‌మంకీ అడిగి తెచ్చుకుని, గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా చేసుకుంటున్నాను. దానికి బటన్లూ మెనూలూ ఉండవు, కమాండ్లు టైప్ చేసుకోవాలి. అదంటే భయం ఉన్నవాళ్లకి కొరియర్ దారే మేలు. కలర్‌మంకీతో వచ్చే సాఫ్ట్‌వేర్ 50 గళ్ల చొప్పున రెండు పేజీలతో సరిపెట్టేస్తుంది. తిన్నగా నడిచే ఇంకుకి అది చాలొచ్చు. మధ్యలో ఒరిగే ఇంకుకి చాలదు. నేను 500 గళ్లకి పైనే పెడతాను, అందులో బూడిద రంగు మెట్లు ఎక్కువ ఉండేలా చూసుకుంటాను.

చార్ట్ కొట్టే ముందు నాజిల్ చెక్ (ఇంకు చల్లే సన్న రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసే గీతల ప్రింట్) తప్పనిసరి. ఒక్క గీత తెగినా కొలిచిన అంకెలన్నీ అబద్ధాలే. డ్రైవర్‌లో నో కలర్ అడ్జస్ట్‌మెంట్ పెట్టాలి. ఫొటోషాప్‌లో చార్ట్‌ని సవరణ లేకుండా కొట్టే ఎంపిక సీఎస్5 నుంచి తీసేశారు కాబట్టి అడోబ్ కలర్ ప్రింటర్ యుటిలిటీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో కొట్టుకోవాలి. కొట్టిన చార్ట్‌ని ఒక రోజంతా ఆరనివ్వాలి. ముట్టుకుంటే తడి అంటకపోయినా డై లోపల ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. మాది సముద్రపు గాలి, వానాకాలంలో రెండు రోజులు ఆగితే గానీ నాకు నమ్మకం కుదరదు. డ్రైవర్‌లో పేపర్ రకం ఏది పెట్టి చార్ట్ కొట్టామో రేపు ఫొటో కొట్టేటప్పుడూ అదే పెట్టాలి, ఎందుకంటే ఇంకు మోతాదు ఆ సెట్టింగ్‌ని బట్టే ఉంటుంది. ఫొటో కొట్టేటప్పుడు ఫొటోషాప్‌లో ప్రొఫైల్ ఎంచుకుని, డ్రైవర్‌లో సవరణ ఆపేయాలి. రెండుచోట్లా సవరణ నడిస్తే ప్రొఫైల్ చేయించిన డబ్బు దండగ.

కొంతమంది ఇంకుతో పాటు ప్రొఫైల్ కూడా ఉచితంగా ఇస్తారు. ఒకళ్ల కొలతలతో కుట్టిన జాకెట్టు ఇంకొకళ్లు తొడుక్కున్నట్టు ఉంటుంది అది. వాళ్లు ఏ పేపర్ మీద కొలిచారో, ఏ సెట్టింగ్‌తో కొట్టారో రాసివ్వరు. నేను వాడే 270 జీఎస్ఎం (పేపర్ బరువు కొలత) ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) గ్లాసీకీ, పాస్‌పోర్ట్ ఫొటోలకి వాడే 180 జీఎస్ఎం హై గ్లాసీకీ ఒకే ఇంకుతో కూడా తెలుపు వేరు, నలుపు లోతు వేరు. రెండిటికీ రెండు ప్రొఫైల్స్ చేసుకున్నాను.

ఫలితం పట్టుచీరల మీద చెప్పాలి, మన దగ్గర రంగుకి అసలు పరీక్ష అక్కడే. పసుపు, కుంకుమ ఎరుపు, రాణీ రంగు ఈ ఇంకుతో నిండుగా వస్తాయి. పెళ్లికూతురి మొహం మీద నలుగు పసుపూ, దాని కింద ఉన్న చర్మం రంగూ విడివిడిగా కనిపించాయంటే ప్రొఫైల్ కుదిరినట్టే. ప్రొఫైల్ లేనప్పుడు ఆ రెండూ కలిసి నారింజ రంగు ముద్దలా ఉండేవి. నెమలికంఠం, చిలకపచ్చ, వంగపండు రంగు మాత్రం పేచీ పెడతాయి. మానిటర్ చూపించే ఆ ఆకుపచ్చలూ నీలాలూ ఇంకు అందుకోలేనివి. ఒరిజినల్ ఇంకుతో కూడా పూర్తిగా రావు, బయటి దానితో ఇంకాస్త తగ్గుతాయి. ఇక్కడ రెండరింగ్ ఇంటెంట్, అంటే అందని రంగుల్ని ఏం చేయాలో చెప్పే సెట్టింగ్, పనికొస్తుంది. రెలటివ్ కలరిమెట్రిక్ పెడితే అందని రంగులన్నీ అంచుకి వచ్చి ఒకటైపోతాయి, చీర కుచ్చిళ్లు మాయమై రంగు కాగితం అతికించినట్టు ఉంటుంది. పర్సెప్చువల్ పెడితే రంగు కొద్దిగా తగ్గినా మడతలు నిలుస్తాయి. నిండు రంగుల చీర ఉంటే పర్సెప్చువల్, మొహం ఒక్కటే ఉంటే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో (ఫొటోలోని నలుపుని పేపర్ ఇవ్వగల నలుపుకి సర్దే ఎంపిక) రెలటివ్. ముందే సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే, చూసుకుంటే పేపర్ మిగులుతుంది. జరీ మెరుపు సంగతి అడగకండి, అది ఏ ఇంకూ ఇవ్వదు.

మానిటర్ క్యాలిబ్రేట్ చేయకుండా, అంటే దాని రంగూ వెలుగూ కొలిచి సరిచేయకుండా, ఇదంతా చేయడం వృథా. ప్రింట్ డార్క్‌గా వస్తోందని అనేవాళ్ల ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ సాధారణంగా ఫుల్‌లో ఉంటుంది. దాన్ని చదరపు మీటరుకి 100–120 క్యాండెలాల (వెలుగు కొలత) దగ్గరికి దించాక మాట్లాడుకోవచ్చు.

ఇక ప్రొఫైల్ వల్ల కానివి. మొదటిది బ్లాక్ అండ్ వైట్. బూడిద రంగు ఈ ప్రింటర్‌లో చాలావరకు లైట్ సయాన్, లైట్ మెజెంటా, యెల్లో కలిసి తయారవుతుంది. నా ఇంకుతో కొట్టిన నలుపు తెలుపు ఫొటో పగటి వెలుతురులో చక్కగా ఉంటుంది. అదే ఫొటోని షాపు ఎల్ఈడీ ట్యూబ్ కింద పెడితే కొంచెం ఆకుపచ్చగా, పసుపు బల్బు కింద కొంచెం ఎర్రగా కనిపిస్తుంది. ప్రొఫైల్‌ని డీ50 అనే పగటి వెలుతురు ప్రమాణానికి లెక్కకడతారు. ఇంకులోని డై వేరే దీపం కింద వేరేగా ప్రవర్తిస్తే దానికి అది బాధ్యత వహించదు. ఒరిజినల్ ఇంకులోనూ ఇది కొంత ఉంది, బయటి దానిలో బాగా కనిపిస్తుంది. పోయిన పెద్దవాళ్ల పాత ఫొటోలు రీటచ్ చేసి ఇచ్చే పని మాకు ఎక్కువ. అలాంటి వాటికి కొద్దిగా గోధుమ ఛాయ కలిపి సెపియాలా కొడతాను, ఒరిగినా కంటికి తెలియదు.

రెండోది బ్యాచ్ తేడా. ఒకసారి కొత్త సీసాలు వచ్చాక మొహాలు మళ్లీ ఎర్రబడ్డాయి. ప్రొఫైల్ అదే, పేపర్ అదే, సీసా మీద లేబుల్ కూడా అదే. ఆరు సీసాల్లో లైట్ మెజెంటా ఒక్కటే చిక్కగా ఉంది. అప్పటి నుంచి ఒకేసారి ఎక్కువ సీసాలు, బ్యాచ్ నంబర్ కలిసేలా చూసి కొంటున్నాను. బ్యాచ్ నంబరే లేని సీసాని కొనను. ఇంకోటి, ఒరిజినల్ ఇంకు ట్యాంకులో కొంత ఉండగానే బయటిది పోసేవాళ్లు ప్రొఫైల్‌కి తొందరపడకూడదు. ట్యాంకు, పైపుల్లోని పాత ఇంకు పూర్తిగా మారేదాకా రంగు రోజురోజుకీ జరుగుతూనే ఉంటుంది.

మూడోది వెలిసిపోవడం, నాకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇదే. ఒక టెస్ట్ ప్రింట్‌ని సగానికి కత్తిరించి ఒక ముక్క ఆల్బమ్‌లో, ఇంకో ముక్క ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాను. పక్కనే ఒరిజినల్ ఇంకుతో కొట్టింది కూడా. వేసవి దాటేసరికి బయటి ఇంకు ముక్కలో మెజెంటా బాగా పోయి మొహం పాలిపోయింది. ఒరిజినల్ కూడా తగ్గింది, కానీ మనిషి మనిషిలాగే ఉన్నాడు. లైట్ ఇంకుల్లో డై తక్కువ కాబట్టి ముందు దెబ్బ లేత రంగుల మీదే పడుతుంది, అంటే మొహాల మీద. ఆర్‌సీ పేపర్ పై పూతలోని సన్న రంధ్రాల్లోకి గాలిలోని ఓజోన్ కూడా చేరి డైని తింటుంది. కోల్డ్ లామినేషన్ గానీ, గాజు ఫ్రేమ్ గానీ ఉంటే గాలి నుంచి కాపాడుతుంది, ఎండ నుంచి అంతగా కాదు. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి ఇదే ప్రింటర్‌కి పిగ్మెంట్ ఇంకు (రంగు కరగకుండా సన్న పొడిగా ఉండేది) అంటగట్టేవాళ్లున్నారు. అది వెలిసిపోవడం తక్కువే గానీ, గ్లాసీ మీద ముదురు చోట కంచు మెరుపు తేలుతుంది, గోరు తగిలితే గీత పడుతుంది. నేను పెట్టను.

ఇంకు చల్లే హెడ్ విషయంలో నాకు పెద్ద నష్టం రాలేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తే ఒకటో రెండో నాజిల్స్ మూసుకుని ఉంటాయి, ఒక క్లీనింగ్‌తో తెరుచుకుంటాయి. క్లీనింగ్ ఊరికే కొడితే ఇంకంతా వృథా ఇంకుని పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. వారంటీలో ఉన్న కొత్త ప్రింటర్‌లో మాత్రం బయటి ఇంకు పోయమని చెప్పను. దానివల్ల హెడ్ పాడైతే కంపెనీ బాధ్యత తీసుకోదు.

పాస్‌పోర్ట్ ఫొటోలు, బర్త్‌డే ప్రింట్లు, ఆల్బమ్‌లో దాచుకునేవి, కస్టమర్‌కి చూపించే ప్రూఫులు, ఇవన్నీ ఇప్పుడు బయటి ఇంకుతోనే కొడుతున్నాను. ఎర్రగా వచ్చిందన్న మాట వినబడటం మానేసింది. హాల్లో గోడకి కట్టే పెద్ద ఫ్రేములకి ఒరిజినల్ ఇంకు పోసిన వేరే ప్రింటర్ ఉంది. ఆ రెండిటి ధరలు కూడా కస్టమర్‌కి విడిగా చెబుతాను. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని ఫోన్ నుంచే నేరుగా ప్రింట్ కొట్టేసే కుర్రాడు మీ షాపులోనూ ఉంటే, ఆ దారిలో మీరు చేయించిన ప్రొఫైల్ పనిచేయదని వాడికి ముందే చెప్పండి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఒక బూడిద రంగు మెట్ల పట్టీ, ఒక మొహం, ఒక నెమలికంఠం చీర ఉన్న అదే టెస్ట్ ఫైల్ కొట్టి, ఆల్బమ్‌లో చీకట్లో దాచిన పాత ప్రింట్ పక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తాను. కలిస్తే పని మొదలు, కలవకపోతే మళ్లీ చార్ట్.