పుట్టుకతో పౌరసత్వం: ఒకే సవరణ, రెండు చరిత్రలు

అమెరికా గడ్డపై పుట్టి, ఆ దేశ చట్టపరిధిలో ఉన్నవాళ్లంతా పౌరులేనని 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ చెబుతుంది. గొడవంతా ఆ 'చట్టపరిధి' దగ్గరే. దాని అర్థం మీద రెండు వాదనలున్నాయి.

మొదటి వాదన, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన నల్లజాతి బానిస డ్రెడ్ స్కాట్ కేసు తీర్పుతో మొదలవుతుంది. నల్లజాతివాళ్లు పౌరులు కాలేరని 1857లో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వం మళ్లీ ఎవరి దయమీదా ఆధారపడకూడదనే ఈ సవరణ తెచ్చారంటారు ఈ వాదన చేసేవాళ్లు. వీళ్ల చేతిలో ఉన్న గట్టి ఆధారం వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈ వంటవాడు చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, దిగనివ్వకుండా నెలల తరబడి రేవులోని ఓడల్లోనే ఉంచారు. అతను పౌరుడేనని 1898లో కోర్టు చెప్పింది.

రెండో వాదన: సవరణ విముక్తులైన బానిసల కోసమే. తాత్కాలికంగా వచ్చినవాళ్ల పిల్లలకు వర్తించదు. అలాంటి పిల్లలకు పౌరసత్వం ఇవ్వొద్దంటూ 2025 జనవరిలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుకు ఆధారం ఇదే. అమెరికా మూలవాసుల తెగలో పుట్టిన జాన్ ఎల్క్ పౌరుడు కాదన్న 1884 తీర్పును చూపిస్తారు. కానీ సవరణ వచ్చిన నాటికి ఆ తెగలను అమెరికా వేరే దేశాల్లా చూసి ఒప్పందాలు చేసుకునేది. హెచ్-1బీ వీసాపై డాలస్‌లో ఉండే మన జంట అక్కడ పన్ను కడుతుంది, తప్పు చేస్తే అక్కడి కోర్టులోనే నిలబడుతుంది. అది చట్టపరిధి కాకపోతే మరేమిటి? నాకు మొదటి వాదనే బలంగా కనిపిస్తోంది.

వాంగ్ తల్లిదండ్రులు తాత్కాలికంగా వచ్చినవాళ్లు కాదు, అక్కడ స్థిరనివాసం ఉన్నవాళ్లన్నది మాత్రం రెండో పక్షానికి దొరికిన అసలు పట్టు.