చలికి తొట్టిలో చేపలు పోతున్నాయా: హీటరా, టార్పాలినా, ఇంట్లో టబ్బా?

బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 15, 16 డిగ్రీల దగ్గర ఆగుతాయి. అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు దిగిన వారంలో పెరటి తొట్లలో చేపలు తేలతాయి. ముందు ఏ చేప పోయిందో చూడండి. గప్పీ, మోలీ, గౌరామీలైతే దోషం చలిదే. గోల్డ్‌ఫిష్, కోయి ఈపాటి చలికి చావవు. అవి పోతే అనుమానించాల్సింది మేతను. చల్లటి నీళ్ళలో వాటికి అరగదు, ఫిల్టరులో అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా మందగిస్తుంది, మిగిలిన గింజలు కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది.

అందరికీ మొదట తోచేది హీటరే. లెక్క వేస్తే మోజు తీరిపోతుంది. 1000 లీటర్లను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 1.16 యూనిట్ల కరెంటు కావాలి. 2000 లీటర్ల తొట్టికి 5 డిగ్రీలంటే దాదాపు 12 యూనిట్లు. 300 వాట్ల హీటరు రాత్రి పది గంటలూ వెలిగినా ఇచ్చేది మూడే, అదీ పైన తెరిచి ఉంటే గాలిపాలు. నీటిమట్టం తగ్గి గాజు గొట్టం బయటపడితే పగులుతుంది. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేని లైనుకు పెరట్లో హీటరు తగిలించనే వద్దు.

కోయి, గోల్డ్‌ఫిష్ తొట్టికి టార్పాలినే మేలు. వేడి ఎక్కువగా పోయేది నీటి పైభాగం నుంచి, మబ్బులేని రాత్రి మరీను. వెదురు కర్రలు అడ్డంగా పరిచి, సాయంత్రం ఎండ తగ్గగానే కప్పి, ఒక పక్క జానెడు ఖాళీ వదలండి. పొద్దెక్కాక తీసేయాలి. నీటికి ఆనేలా పరిస్తే గాలి ఆడదు. రాత్రి ఫౌంటెన్ ఆపండి, అది నీళ్ళను ఇంకా చల్లారుస్తుంది. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ మాత్రం నడవాలి, అయితే అడుగున కాకుండా సగం లోతులో వేలాడాలి. అడుగున్నర లోతు తొట్టికి టార్పాలిన్ అంతగా పనిచేయదు. మూడడుగులుంటే బాగా పనిచేస్తుంది.

గప్పీలకు ఇంట్లో టబ్బే దారి. 50 లీటర్లకు 50 వాట్ల హీటరు చాలు. తొట్టి నీళ్ళతోనే నింపి, గంటకు ఒక డిగ్రీ చొప్పున 25కు తీసుకురండి. ఒక్కసారిగా వెచ్చటి నీళ్ళలో వేస్తే బతికినవీ పోతాయి. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకు ఒక గ్రాము, కరిగించి పోయాలి.

ఏ దారి పట్టినా, చచ్చిన చేపలు తీసి ఐదో వంతు నీళ్ళు మార్చండి, మధ్యాహ్నం పూట. పొద్దున్నే ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు మంచులా ఉంటాయి, సంపు నీళ్ళు నయం. కావేరి నీళ్ళయితే క్లోరిన్ విరుగుడు తప్పదు. మధ్యాహ్నం నీళ్ళు 20 దాటేదాకా మేత ఆపి, తర్వాత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి.