"స్కోపస్ పేపర్ ప్యాకేజీ" అమ్మేవాళ్లతో జాగ్రత్త: గోదావరి జిల్లాల నర్సింగ్, బయాలజీ లెక్చరర్లకు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు వైపు నర్సింగ్ కాలేజీల్లోనూ డిగ్రీ కాలేజీల్లోనూ పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "స్కోపస్ పేపర్ గ్యారంటీ. పదిహేను రోజుల్లో యాక్సెప్టెన్స్. సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ కూడా చూసుకుంటాం." స్కోపస్ అంటే పరిశోధన జర్నళ్ల డేటాబేస్. సైటేషన్ అంటే ఇంకొకరు తమ పేపర్లో మన పేపర్ని పేర్కొనడం, హెచ్-ఇండెక్స్ ఆ సైటేషన్లతో లెక్కేసే అంకె. డబ్బు కట్టే ముందు ఈ పోస్ట్ పూర్తిగా చదవండి. నేనూ, పక్క ఊళ్లో జువాలజీ చెప్పే నా స్నేహితురాలూ ఈ ప్యాకేజీ తీసుకున్నాం. నాది 22 వేలు, ఆవిడది ఇంకొంచెం ఎక్కువ. డబ్బు పోతే పోయింది. డేటా కూడా పోయింది, అసలు బాధ అది.

ఈ ప్యాకేజీ అమ్మే ఏజెంట్ మాట్లాడే తీరు చాలా మర్యాదగా ఉంటుంది. "మనది కోనసీమేనండి, మేడమ్ గారికి తక్కువలో చేయించేస్తానండి" అంటాడు. ఇంగ్లీషు సరిదిద్దడం, జర్నల్ ఫార్మాట్‌లో పెట్టడం, పంపించడం, పబ్లికేషన్ ఫీజు అన్నీ కలిపి ఒకటే రేటు. ఇలాంటి ఎడిటింగ్ సర్వీసులు నిజంగానే ఉన్నాయి, అవి తప్పూ కాదు. అందుకే అనుమానం రాదు. మా ఇద్దరి పనీ ఉత్తుత్తి పని కాదు. నాది లంక గ్రామాల్లో గర్భిణుల రక్తహీనత మీద చేసిన అధ్యయనం. ఆవిడది వెనామీ రొయ్యల చెరువుల్లో విబ్రియో అనే బ్యాక్టీరియా గురించి, చెరువు గట్ల మీద తిరిగి తెచ్చిన నీటి నమూనాలతో చేసింది.

వారం తిరక్కుండా యాక్సెప్టెన్స్ లెటర్ వచ్చింది. గుండ్రటి స్టాంపు, సంతకం, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకి సగటున వచ్చే సైటేషన్లు) అంకె, అన్నీ ఉన్నాయి. అచ్చు వేసే ముందు పేపర్ని పరిశీలించే నిపుణుల, అంటే రివ్యూయర్ల, ప్రశ్న ఒక్కటీ లేదు. శాంపిల్ సైజు ఎలా లెక్కేశారు, కంట్రోల్ గ్రూపు ఎందుకు పెట్టలేదు అని ఒక్కరూ అడగని జర్నల్‌ని అక్కడే అనుమానించాలి. అడిగితే ఏజెంట్ "మీ పేపర్ అంత బాగుందండి" అన్నాడు.

పేపర్ ఆన్‌లైన్‌లో వచ్చాక చూస్తే రచయితల వరుసలో నా పేరు తర్వాత, మా గైడ్ గారి పేరుకి ముందు, మాకు తెలియని ఇద్దరి పేర్లున్నాయి. వేరే రాష్ట్రం వాళ్లు, వాళ్ల డిపార్ట్‌మెంటుకీ నర్సింగ్‌కీ సంబంధం లేదు. మా పేపర్‌లో రెండు సీట్లు అమ్ముకున్నాడన్నమాట. ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు మేమిచ్చినది కాదు, ఎక్కడిదో వేరే నంబరు వేశారు. గర్భిణుల దగ్గర సంతకాలు తీసుకుని చేసిన స్టడీ అది. రేపు ఎవరైనా ఆ నంబరు పట్టుకుని అడిగితే జవాబు చెప్పాల్సింది నేనే, ఏజెంట్ కాదు. ఇక చివర రిఫరెన్సులు. నేను రాసినవాటి మధ్యలో కాంక్రీటు బలం మీద, డీజిల్ ఇంజిన్ల మీద, క్లౌడ్ కంప్యూటింగ్ మీద పేపర్లు దూర్చారు. రక్తహీనతకీ డీజిల్ ఇంజిన్‌కీ ఏం సంబంధమో ఇప్పటికీ అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది, సైటేషన్ల వ్యాపారం నడిచేదే ఇలా. ఎవరో ఇంజినీరింగ్ సార్ "నా పేపర్లకి సైటేషన్లు కావాలి" అని డబ్బు కడితే, ఆయన పేపర్లని తెచ్చి నా రిఫరెన్సుల్లో పెడతారు. నేను సైటేషన్లు కొంటే నా పేపర్‌ని తీసుకెళ్లి ఇంకెవరిదో సివిల్ ఇంజినీరింగ్ పేపర్ చివర తగిలిస్తారు. మనం కొనుక్కున్నాం అనుకుంటాం గానీ అక్కడ సరుకు మన పేపరే.

నిజమైన సైటేషన్ ఎలా వస్తుందో మన భీమవరం మనిషినే చూడండి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద పేపర్ రాశారు. ఆ పద్ధతితో పనిచేసిన ల్యాబులు దశాబ్దాల పాటు ఆ పేపర్‌ని పేర్కొంటూ వచ్చాయి. 1951లో ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ బృందం రాసిన పేపర్ లక్షల సైటేషన్లతో ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. వాడుకున్నవాళ్లు పేరు చెప్పారు, అంతే. హెచ్-ఇండెక్స్ అనేది హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో పెట్టిన కొలత: మీ పేపర్లలో పదింటికి ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లు ఉంటే మీ హెచ్-ఇండెక్స్ పది. ఇంత సులువైన లెక్క కాబట్టే దొంగ లెక్కా సులువైంది.

గూగుల్ స్కాలర్‌లో (పేపర్లనీ సైటేషన్లనీ వెతికి లెక్కేసే గూగుల్ సర్వీసు) అంకె పెరిగితే చాలు అనుకునేవాళ్లు ఇది తెలుసుకోండి. 2024లో ఇద్దరు పరిశోధకులు లారీ అనే పెంపుడు పిల్లి పేరు మీద అర్థం లేని పేపర్లు పెట్టి, వాటిని ఉటంకిస్తూ ఇంకొన్ని దొంగ పేపర్లు పెట్టి, దానికి 132 సైటేషన్లు, 11 హెచ్-ఇండెక్స్ తెప్పించారు. విషయం బయటపడ్డాక గూగుల్ వాటిని తీసేసింది. న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబి పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, లేని శాస్త్రవేత్త పేరుతో ప్రొఫైల్ తెరిచి, 300 డాలర్లకి 50 సైటేషన్లు నిజంగానే కొని చూపించారు. స్కాలర్ దొరికినదల్లా లెక్కేస్తుంది, నాణ్యత చూడదు. ఇంటర్వ్యూ బోర్డులో ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరుంటే చాలు. మీ సైటేషన్ల మీద క్లిక్ చేసి, ఎవరు ఉటంకించారో చూస్తారు. నర్సింగ్ పేపర్‌ని ఒకే నెలలో ఇరవై ఇంజినీరింగ్ పేపర్లు ఉటంకిస్తే ఏం చెబుతారు?

మాకు అంటగట్టిన జర్నల్ "హైజాక్" జర్నల్. విదేశంలో ఒక సొసైటీ నడిపే నిజమైన జర్నల్ పేరు, దాని ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు) నంబరు తీసుకుని దొంగ వెబ్‌సైటు కట్టారు. స్కోపస్‌లో ఆ పేరు కొడితే వస్తుంది, అందుకే నమ్ముతాం. అసలు జర్నల్ ఎడిటర్‌కి మెయిల్ రాస్తే, ఆ వెబ్‌సైటు మాది కాదు, ఆ సంచికలో మీ పేపర్ లేదు అని మర్యాదగా జవాబిచ్చారు. పేపర్ తీసేయమని ఏజెంట్‌ని అడిగితే "విత్‌డ్రాయల్ చార్జీలు" అని ఇంకో పదివేలు అడిగాడు. తీసేయలేదు. అది అక్కడ ఉన్నంతకాలం అదే డేటాని మంచి జర్నల్‌కి పంపలేను, ముందే అచ్చయిన పని అంటారు. స్నేహితురాలి చెరువుల డేటాదీ అదే గతి. ఆవిడ మళ్లీ నమూనాలు తీయడం మొదలుపెట్టింది. నేనింకా మొదలుపెట్టలేదు.

ఎలా చూసుకోవాలంటే, జర్నల్ వెబ్‌సైటు చెప్పే మాటని, అక్కడున్న లోగోలని లెక్కలోకే తీసుకోకండి. స్కోపస్ సోర్సెస్ పేజీ అందరికీ ఉచితంగా తెరుచుకుంటుంది. అక్కడ జర్నల్ పేరు మాత్రమే కాదు, ఏ సంవత్సరం దాకా కవరేజీ ఉందో, అంటే ఎప్పటిదాకా దాని పేపర్లని చేర్చుకున్నారో చూడండి. స్కోపస్ చేర్చుకోవడం ఆపేసిన జర్నళ్ల జాబితా వేరేగా ఉంటుంది, ఏజెంట్లు అమ్మేవాటిలో అలాంటివీ ఉంటాయి. వెబ్‌సైటు చిరునామా ప్రచురణకర్త సైటు నుంచి వచ్చిందో లేదో సరిపోల్చండి. వెనక్కి తీసుకున్న పేపర్ల మీద నిఘా పెట్టే రిట్రాక్షన్ వాచ్ వెబ్సైటు వాళ్లు హైజాక్ అయిన జర్నళ్ల జాబితా ఉచితంగా పెట్టారు, ఒకసారి వెతకండి. ఐఎస్ఎస్ఎన్ అనేది బండి నంబరు ప్లేటు లాంటిది, బండి కండిషన్ గురించి ఏమీ చెప్పదు. డీఓఐ (ఒక్కో పేపర్కి ఇచ్చే ఆన్లైన్ గుర్తింపు నంబరు) కూడా అంతే, ఉచితంగా ఇచ్చే సైట్లున్నాయి. అసలైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే కంపెనీ ఒక్కటే. నర్సింగ్ వాళ్లకి ముఖ్యంగా: "మా పేపర్లు పబ్‌మెడ్‌లో వస్తాయి" అంటే వెంటనే నమ్మొద్దు. పబ్మెడ్ అంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం (ఎన్ఎల్ఎమ్) నడిపే వైద్య పేపర్ల సెర్చ్, పబ్మెడ్ సెంట్రల్ పూర్తి పేపర్లు దాచే చోటు, మెడ్లైన్ వాళ్లు పరిశీలించి ఎంచుకున్న జర్నళ్ల జాబితా. గ్రాంటుతో చేసిన పని రచయితలే పబ్‌మెడ్ సెంట్రల్‌లో పెట్టినా పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. ఎన్ఎల్ఎమ్ క్యాటలాగ్‌లో ఆ జర్నల్ ఇప్పుడు మెడ్‌లైన్‌లో ఉందో లేదో స్పష్టంగా రాసి ఉంటుంది.

"యూజీసీ కేర్ లిస్టులో ఉంది" అని ఇప్పటికీ అమ్ముతున్నారు. అది యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నాణ్యమైనవని గుర్తించిన జర్నళ్ల జాబితా, దాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అంతకుముందు 2018లో పాత జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నళ్లని తీసేశారు. అంటే జాబితాలో ఉండటం ఎప్పుడూ పూర్తి భరోసా కాదు. పీహెచ్‌డీ వాళ్లని "పేపర్ లేకపోతే థీసిస్ తీసుకోరు" అని బెదిరిస్తారు. 2022 యూజీసీ నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు, ఏజెంట్‌ని కాకుండా మీ రీసెర్చ్ సెక్షన్‌నే అడగండి.

ఇవన్నీ ఎక్కడో దూరపు సంగతులు అనుకోకండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే జర్నళ్ల సంస్థ పీర్ రివ్యూ (రివ్యూయర్ల పరిశీలన) గురించి, ఫీజుల గురించి రచయితలని తప్పుదారి పట్టించిందని అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పు ఇచ్చింది.

ఇంకొకటి మర్చిపోయాను. ప్రొఫైల్ "సెట్ చేస్తాం" అని జీమెయిల్ పాస్‌వర్డ్, ఓటీపీ అడుగుతారు. ఇవ్వకండి. స్నేహితురాలి స్కాలర్ ప్రొఫైల్‌లోకి ఆవిడ రాయని పేపర్లు వచ్చి చేరాయి, మెల్లగా ఒక్కొక్కటీ తీసుకుంటోంది. ఓఆర్‌సీఐడీ (పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు) కూడా మీరే చేసుకోండి. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

డబ్బు ఫోన్‌పేలో ఒక వ్యక్తి పేరు మీదకి వెళ్తుంది, జీఎస్టీ బిల్లు ఉండదు. ఇప్పుడే కట్టినవాళ్లు ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. బిల్లు ఇచ్చిన సంస్థ అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాటింగ్, రసీదు, యాక్సెప్టెన్స్ లెటర్ దేన్నీ డిలీట్ చేయకండి. వాళ్ల సంగతి మీ గైడ్‌కీ ప్రిన్సిపాల్‌కీ రాతపూర్వకంగా చెప్పి పెట్టుకోండి. తర్వాత ఎవరైనా మీ పేపర్ మీద ప్రశ్న వేస్తే ఆ కాగితం పనికొస్తుంది.

అతని పాత నంబరు ఇప్పుడు పనిచేయట్లేదు, కానీ అదే మెసేజ్ కొత్త నంబరుతో మొన్న కూడా మా గ్రూపులో పడింది. గుండ్రటి స్టాంపు ఉన్న యాక్సెప్టెన్స్ లెటర్ మీకూ వచ్చి ఉంటే, థీసిస్ ఫైలు ఇంకా పంపకపోతే, పంపకండి. పంపేసినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. ఫిర్యాదు కలిసి ఇద్దాం.