గులూలో రెండు నెలలు: సంగటి, పుల్లాకు, షియా నూనె

మదనపల్లె నుంచి మా సంఘం తరఫున నలుగురం ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర ఉగాండాలోని గులూకి పరిచర్యకు వెళ్లొచ్చాం. అక్కడి చర్చిలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పడం నా వంతు. తిరిగొచ్చాక అందరూ మొదట అడిగేది "తిండి ఎట్లా?" అనే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ప్రయాణం గురించి రెండు మాటలు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకుని కార్డు చేతిలో పెట్టుకోండి. ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగి, రాజధాని కంపాలా నుంచి బస్సులో 330 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. మేమెక్కిన బస్సు నిండేదాకా కదల్లేదు. 8 గంటలకన్నది పదిన్నరకు బయల్దేరింది. దారిలో బస్సు ఆగినచోట కిటికీల దగ్గరికి కాల్చిన అరటికాయలు తెచ్చి అమ్ముతారు, వేడిగా బాగుంటాయి. కరుమా దగ్గర నైలు నది సుడులు తిరుగుతూ పారుతుంటుంది. ఆ వంతెన వచ్చేటప్పుడు నిద్రపోకండి.

మొదటి వారం టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. రోజుకు 70 వేల షిల్లింగులు. నీళ్లు రాత్రిపూట మాత్రమే వచ్చేవి, కరెంటు పోతే జనరేటర్‌కు వేరే డబ్బులు. అదైనా సర్దుకోవచ్చు. కానీ క్లాసు అయిపోగానే మేం బ్రెడ్డు, ఆమ్లెట్టు తినడానికి టౌన్‌కి వెళ్లిపోతుంటే, మా కోసం వండిపెట్టినవాళ్లు చూస్తూ నిలబడేవాళ్లు. అది తెలిసిన రోజే పాస్టరు గారి ఇంటి ఆవరణలోకి మారిపోయాం. గడ్డి కప్పిన గుండ్రటి గుడిసె, దోమతెర, సోలార్ దీపం. బోరింగు దగ్గర పసుపురంగు డబ్బాలో 20 లీటర్ల నీళ్లు పట్టి మోసుకోవాలి. మొదటి మూడు రోజులు భుజాలు లాగేశాయి. అయినా వెళ్లేవాళ్లకు నేను ఇదే చెప్తాను, వాళ్ల మధ్యే ఉండండి.

పాస్టరమ్మగారిని అందరూ 'మెగో' అంటారు, అమ్మ అని అర్థం. తినేముందు ఒక పాప చెంబుతో అందరి చేతుల మీదా నీళ్లు పోస్తుంది, కింద బేసిన్ పడుతుంది. మొదటి రాత్రి పళ్లెంలో నల్లగా ముద్ద పెట్టారు. చూడగానే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అది మన రాగి సంగటే! వాళ్లు దాన్ని క్వాన్ అంటారు, రాగిపిండిలో కర్రపెండలం పిండి కలుపుతారు కాబట్టి కాస్త సాగుతుంది. కొంచెం తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో కూర తీసుకుని తినాలి.

ఆ కూర మలక్వాంగ్. మన గోంగూర జాతి ఆకే, అంతే పులుపు. వేరుశనగ, నువ్వులు కలిపి నూరిన ముద్ద వేసి వండుతారు. కారం అసలుండదు. చిలగడదుంపలతో కూడా తింటారు, ఆ తీపీ పులుపూ కలిసిన రుచి నాకు ఇంకా నోట్లోనే ఉంది.

కష్టపడింది షియా నూనెతో. షియా చెట్టు గింజల నుంచి తీస్తారు, 'మో యా' అంటారు. మెదిపిన పప్పు మీద అది పోసినప్పుడు వచ్చే వాసనకు వారం రోజులు కడుపులో తిప్పింది. వానలు పడ్డాక ఉసిళ్లు వేయించి పెట్టారు. మా ఊళ్లో చిన్నప్పుడు తిన్నవే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మా జట్టులో ఇద్దరు మాత్రం ముట్టలేదు, వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు.

ఒక మధ్యాహ్నం మెగో రాతి మీద ఆ నువ్వుల ముద్ద నూరుతోంది. మన సన్నికల్లులాంటిదే, కాకపోతే మోకాళ్ల మీద కూర్చుని ముందుకూ వెనక్కూ నూరాలి. ఊరిన నూనె ఆ రాతి అంచు దాకా జారితే, అక్కడ వేలితో ఆపుతోంది. నూరుతూనే చెప్పింది. ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ యుద్ధం జరిగిన రోజుల్లో, అంటే 2006కు ముందు, తన చిన్నతనమంతా ఊళ్లు విడిచినవాళ్ల శిబిరంలోనే గడిచిందట. చేలోకి వెళ్లడానికి లేదు. సాయం లారీ మొక్కజొన్నలు తెస్తేనే పొయ్యి వెలిగేది. "ఇప్పుడు ఈ నువ్వులు నావి" అంది. టౌన్‌లో బ్రెడ్డు తిన్న ఆ వారం గుర్తొచ్చి నేను తల ఎత్తలేకపోయాను.

గులూ దగ్గరే లాకోర్ ఆసుపత్రి ఉంది, 1959లో ఇటలీ మిషనరీలు పెట్టింది. 2000లో ఎబోలా వచ్చినప్పుడు రోగులను వదలకుండా చూసుకుంటూ డాక్టర్ మాథ్యూ లుక్వియా, కొందరు నర్సులు అదే జబ్బుతో చనిపోయారు. మదనపల్లె దగ్గర మిషనరీలు కట్టిన ఆరోగ్యవరం ఆసుపత్రి పక్కన పెరిగినదాన్ని, ఆ గేటు ముందు చాలాసేపు ఆగిపోయాను.

మలేరియా మాత్రలు మానకండి. మాలో ఒకతను నాలుగు రోజులు మానేసి జ్వరంతో పడ్డాడు. ఊరగాయ ఒక్క సీసా చాలు. ఎండుమిరపకాయలు మాత్రం తీసుకెళ్లండి. ఆఖరి వారం నేను ఆ రాతి మీదే ఊరిబిండి, అంటే మన వేరుశనగ కారప్పచ్చడి, నూరి సంగటితో పెట్టాను. మెగో ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, మళ్లీ పళ్లెం చాపింది.